శాంక్షన్ : ఒక మాట, రెండు ముఖాలు

పల్లెటూళ్ళ నుంచి వచ్చిన మనబోటి విద్యార్థులకు ఇంగ్లీషు మాటలు రెండు రకాలు. నిఘంటువు చూసి, అర్థం రాసుకుని, పరీక్ష ముందురోజు బట్టీపట్టేవి ఒక రకం. ఇంగ్లీషని తెలియకుండానే ఊరందరి నోళ్ళలో నానిపోయినవి రెండో రకం. మోటారు, స్టార్టరు, కరెంటు, సబ్సిడీ, లోను ఇవన్నీ ఈ రెండో కోవలోవి. మా నాయనమ్మ బడి ముఖం చూసిన మనిషి కాదు. అయినా పక్కింటావిడ కనబడితే "ఏమ్మా, మీ అత్తకి పింఛను శాంక్షనయిందా?" అని అడుగుతుంది. ఆ మాటకి తెలుగు అర్థం చెప్పమంటే నవ్వుతుంది. అది తెలుగే కదా అని ఆమె ఉద్దేశం.

అదే 'శాంక్షన్' అన్న మాట ఇంగ్లీషు దినపత్రికలో మొదటి పేజీలో కనబడుతుంది. ఫలానా దేశం ఫలానా దేశం మీద శాంక్షన్స్ విధించింది అని. అక్కడ పింఛనూ లేదు, లోనూ లేదు. ఓడలు ఆగిపోవటం, బ్యాంకు ఖాతాలు స్తంభించటం, మందులూ నూనే దొరక్కపోవటం ఉంటాయి. అక్షరాలు అవే, ఉచ్చారణ అదే. ఒకచోట 'సరే, తీసుకో' అని అర్థం. ఇంకొకచోట 'నీకు ఇవ్వం, అనుభవించు' అని అర్థం. ఒకే మాట ఇలా ఎదురెదురు దిక్కులకు ఎలా నడిచింది అన్నదే ఈ వ్యాసంలో విషయం. భాషాశాస్త్రం నా సబ్జెక్టు కాదు. నాది భౌతిక, రసాయన శాస్త్రాల గుంపు. కానీ ఒక సమీకరణానికి ధనమూలం, రుణమూలం రెండూ వచ్చినప్పుడు అవి ఎక్కణ్ణించి వచ్చాయో వెనక్కి వెళ్ళి చూడటం మాకు అలవాటు.

ఇటువంటి మాటలు ఇంగ్లీషులో ఇంకా ఉన్నాయి. వీటిని కాంట్రోనిమ్స్ అంటారు. తమకు తామే వ్యతిరేకపదాలైన మాటలన్నమాట. అయితే అన్నీ ఒకే దారిలో పుట్టలేదు. 'క్లీవ్' అంటే చీల్చటం, 'క్లీవ్' అంటే అంటిపెట్టుకోవటం. ఇందులో అసలు వింతేమీ లేదు. పాత ఇంగ్లీషులో ఇవి రెండు వేర్వేరు క్రియలు. కాలక్రమాన ఉచ్చారణ అరిగిపోయి, రెండు బోదెలు ఒకే కాలవలో కలిసినట్టు ఒకే రూపానికి వచ్చాయి. 'డస్ట్' సంగతి వేరు. మిరపతోటలో బూడిద తెగులు వస్తే గంధకం పొడి చల్లుతాం, అది డస్టింగ్. బల్లమీది దుమ్ము దులుపుతాం, అదీ డస్టింగే. పొడి అనే నామవాచకాన్ని పట్టుకుని క్రియ చేశారు. ఆ పొడిని వేయటమా తీయటమా అన్నది ఇంగ్లీషువాడు సందర్భానికి వదిలేశాడు. 'ఫాస్ట్' అనే మాటకు మొదటి అర్థం గట్టిగా, కదలకుండా అని. ఉతికినా పోని రంగును నేటికీ ఫాస్ట్ కలర్ అంటాం. మరి వేగం అనే అర్థం ఎలా వచ్చింది? మనం 'గట్టిగా పరిగెత్తు' అనటంలేదూ? అలాగే వచ్చింది.

'శాంక్షన్' ఈ మూడింటిలో ఏ కోవకూ చెందదు. అది రెండు మాటలు కలిసి ఒకటైనది కాదు. ఒకే విత్తనం, ఒకే కాండం. పైకి వెళ్ళాక రెండు కొమ్మలుగా చీలింది. ఆ విత్తనం రోము నగరంలో ఉంది.

లాటిన్ భాషలో 'సాంకియో' అనే క్రియ ఉంది. పవిత్రం చేయుట, అందువల్ల ఉల్లంఘించరానిదిగా స్థిరపరచుట అని దాని అర్థం. దీని ధాతువు 'సక్'. మధ్యలో నకారం ఎక్కణ్ణించి వచ్చిందని అడగవచ్చు. లాటిన్లో కొన్ని ధాతువులకు క్రియ అయ్యేటప్పుడు మధ్యలో ఒక అనునాసికం చేరుతుంది. ఇది సంస్కృతంలోనూ ఉన్నదే. 'యుజ్' ధాతువు 'యునక్తి' కావటం సంస్కృతం చదివిన మిత్రులకు తెలుసు. లాటిన్లో 'యుగుమ్' అంటే ఎద్దుల మెడమీది కాడి, 'యుంగో' అంటే కలుపుతాను, కాడి కడతాను. సంస్కృతంలో కూడా యుగమంటే కాడి అన్న అర్థం ఉంది. వేల మైళ్ళ దూరంలోని రెండు భాషల్లో ఒకే కాడి కనబడటం నాకైతే భలే ముచ్చటేసింది. ఇది కొంచెం దారి తప్పటమే, మళ్ళీ అసలు విషయానికి వస్తాను.

సాంకియో అనే క్రియనుంచి 'సాంక్టుస్' అనే విశేషణం వచ్చింది. పవిత్రం చేయబడినది, రక్షింపబడినది అని అర్థం. ఇంగ్లీషులోని సెయింట్, శాంక్టిటీ, శాంక్చువరీ అన్నీ దాని సంతానమే. అంటే వ్యుత్పత్తి ప్రకారం 'సెయింట్' అన్నా 'శాంక్షనయిన మనిషి' అన్నా ఒకటే. ఇదే క్రియనుంచి 'సాంక్టియో' అనే నామవాచకమూ వచ్చింది. మన శాంక్షన్ అదే.

రోమనుల చట్టానికి మూడు భాగాలుండేవి. మొదటిది పీఠిక: చట్టాన్ని ప్రతిపాదించింది ఎవరు, ఎప్పుడు, ఏ సభలో అన్న వివరాలు. రెండవది చట్టం చెప్పే అసలు విషయం. చిట్టచివరి భాగం పేరే సాంక్టియో. ఈ చట్టాన్ని ఉల్లంఘించినవాడికి ఏమవుతుంది అని చెప్పే భాగమది. ఆ భాగం లేకపోయినా, ఉన్నా అందులో శిక్ష చెప్పకపోయినా ఆ చట్టాన్ని రోమన్ న్యాయవేత్తలు 'అసంపూర్ణ చట్టం' అనేవారు. పళ్ళు లేని పాము లాంటిదన్నమాట.

పవిత్రతకూ శిక్షకూ సంబంధమేమిటి? దీనికి సమాధానం రోమను గ్రంథంలోనే ఉంది. క్రీ.శ. 533లో జస్టీనియన్ చక్రవర్తి న్యాయవిద్యార్థుల కోసం 'ఇన్‌స్టిట్యూట్స్' అనే పాఠ్యగ్రంథాన్ని వెలువరించాడు. మన సిలబస్ పుస్తకంలాంటిదే. అందులో వస్తువులను వర్గీకరిస్తూ, నగరపు గోడలూ ద్వారాలూ 'సాంక్టే' అనే వర్గంలోకి వస్తాయని చెప్పాడు. ఎందుకు? ఆ గోడల విషయంలో అపరాధం చేసినవాడికి మరణశిక్ష ఉంది కనక. అందుచేతనే చట్టాల్లో శిక్షను నిర్ణయించే భాగాలను కూడా సాంక్టియో అంటున్నాం అని అక్కడే వివరించాడు. రోము గోడను దూకినందుకు రెముస్ ప్రాణం పోగొట్టుకున్న కథను కూడా రోమన్ న్యాయగ్రంథాలు ఈ సందర్భంలోనే చెబుతాయి. రెముస్ పరాయివాడు కాడు, రోమ్ స్థాపకుడు రోములుస్‌కు కవల సోదరుడు.

నా మటుకు నాకు ఈ గోడ దగ్గరే మాట మొత్తం అర్థమైంది. గోడకు లోపలివైపు ఒకటుంది, బయటివైపు ఒకటుంది. లోపలివాడికి అది రక్షణ, బయటివాడికి అది బెదిరింపు. కట్టిన ఇటుక మాత్రం ఒకటే. మన చేలగట్టు కూడా అంతే. గట్టుమీద నడవటానికి ఇద్దరు రైతులకూ హక్కుంటుంది, గట్టును జానెడు చెక్కితే ఆ ఇద్దరే కోర్టులో తేలతారు. గట్టు తగాదాల్లో ఎన్ని కుటుంబాలు కరిగిపోయాయో ఊళ్ళలో పెరిగినవాళ్ళకు చెప్పక్కర్లేదు.

'సక్' ధాతువు కుటుంబంలో ఇంకొక సభ్యుణ్ణి కూడా చూడాలి. లాటిన్లో 'సాకెర్' అనే విశేషణం దేవతలకు అర్పించబడిన పవిత్రమైన వస్తువుకూ వాడతారు, శాపగ్రస్తుడికీ వాడతారు. ఎవరినైనా 'సాకెర్' అని ప్రకటిస్తే వాణ్ణి ఎవరు చంపినా హత్య కింద లెక్కకు రాదు, కానీ వాణ్ణి దేవతలకు బలి ఇవ్వటానికి వీలులేదు. మనుషుల చట్టమూ కాపాడదు, దేవతలూ పుచ్చుకోరు. మనోవిశ్లేషకుడు ఫ్రాయిడ్ 1910లో రాసిన ఒక చిన్న వ్యాసంలో ఈ సాకెర్‌ను ఉదాహరణగా చూపించాడు. కార్ల్ ఆబెల్ అనే ఆయన 1884లో వేసిన ఒక పుస్తకాన్ని ఆధారం చేసుకుని, ఆదిమ భాషల్లో మాటలన్నీ ఇలా విరుద్ధార్థాలు కలిగినవేననీ, కలల్లో కూడా అంతేననీ వాదించాడు. ఫ్రెంచి భాషాశాస్త్రజ్ఞుడు బెన్‌వెనిస్ట్ 1956లో దీన్ని ఖండించాడు. ఆబెల్ చూపిన వ్యుత్పత్తులు చాలావరకు నిలబడవన్నాడు. ఈ విషయంలో నేను బెన్‌వెనిస్ట్ పక్షమే. ఒక మాటకు రెండు అర్థాలుంటే దానికి ఆదిమానవుడి మనస్సును తవ్వనక్కర్లేదు. ఎప్పుడు ఎవరు దేనికి వాడారో వరసగా చూస్తే చాలు.

జంతుశాస్త్రం మిత్రులు ఒక సంగతి గమనించాలి. మన వెన్నెముక అడుగున ఐదు పూసలు అతుక్కుని ఏర్పడే త్రికాస్థిని ఇంగ్లీషులో 'శాక్రమ్' అంటారు కదా. లాటిన్లో దాని పూర్తిపేరు 'పవిత్రమైన ఎముక'. అది కూడా ఈ ఇంటిపేరుదే.

ఇక లాటిన్ నుంచి ఇంగ్లీషుకు వద్దాం. ఇంగ్లీషులో శాంక్షన్ మొదట చట్టం, శాసనం అనే అర్థంలో, ముఖ్యంగా చర్చి శాసనాలకు వాడుకలో ఉండేది. యూరప్ చరిత్రలో 'ప్రాగ్మాటిక్ శాంక్షన్' అనే పేరు విని ఉంటారు. ఆస్ట్రియాను ఏలిన హాబ్స్‌బర్గ్ వంశపు చక్రవర్తి ఆరవ చార్లెస్ 1713లో, తన రాజ్యాలు ముక్కలు కాకూడదనీ, కొడుకులు లేకపోతే కూతురికి చెందాలనీ చేసిన శాసనమది. అక్కడ శాంక్షన్ అంటే అనుమతీ కాదు, శిక్షా కాదు, తిరుగులేని శాసనం. తిరుగులేనిదని ఆయన అనుకున్నాడు గానీ, 1740లో ఆయన పోగానే కూతురు మరియా థెరీసా మీద చుట్టుపక్కల రాజులు విరుచుకుపడ్డారు. ఆ యుద్ధంలో ఇంగ్లండు ఒక పక్షం, ఫ్రాన్సు ఇంకో పక్షం. ఆ తగాదా సముద్రం దాటి మన ఒడ్డుకూ వచ్చింది. 1746లో ఫ్రెంచి నౌకాధికారి లాబూర్డొనే మద్రాసును పట్టుకున్నాడు. 1748లో సంధి జరిగాక గానీ అది ఇంగ్లీషువారికి తిరిగి దక్కలేదు. వియన్నాలో ఒక శాంక్షన్‌కు విలువ లేకపోతే మద్రాసు కోట చేతులు మారింది!

ఈ శాసనం అనే అర్థం నుంచే రెండు కొమ్మలు వచ్చాయి. శాసనాన్ని రాజు ఆమోదించి ముద్ర వేస్తేనే దానికి బలం. కనక ఆ ఆమోదానికి శాంక్షన్ అని పేరు. ఆమోదం నుంచి అనుమతికి ఒక్క అడుగే. ఇది మొదటి కొమ్మ. శాసనాన్ని ధిక్కరిస్తే పడే శిక్షే దానికి నిజమైన బలం. కనక ఆ శిక్షకూ శాంక్షన్ అని పేరు. ఇది రెండో కొమ్మ. రెండింటిలోనూ ప్రశ్న ఒకటే: శాసనానికి బలం ఎక్కణ్ణించి వస్తుంది? పైనున్నవాడి ముద్రవల్లనా, కిందివాడి భయంవల్లనా?

ఈ ప్రశ్నమీదే ఇంగ్లండులో పెద్ద చర్చ జరిగింది. జెరెమీ బెంథామ్ 1789లో ప్రచురించిన గ్రంథంలో, మనిషిని కట్టిపడేసే సుఖదుఃఖాలు నాలుగు చోట్లనుంచి వస్తాయన్నాడు: ప్రకృతి, ప్రభుత్వం, లోకుల అభిప్రాయం, మతం. ఈ నాలుగింటినీ శాంక్షన్లనే అన్నాడు. గమనించాల్సిందేమంటే బెంథామ్ లెక్కలో సుఖం కూడా శాంక్షనే. బహుమతి ఆశ చూపి పని చేయించినా శాంక్షనే, దెబ్బ భయం చూపి చేయించినా శాంక్షనే. తర్వాత వచ్చిన జాన్ ఆస్టిన్ 1832లో దీన్ని ఒప్పుకోలేదు. బహుమతిని శాంక్షన్ అనటం మాటను పాడుచేయటమే, శాంక్షనంటే ఆజ్ఞ తప్పినవాడికి కలిగే కీడు మాత్రమే అన్నాడు. న్యాయశాస్త్రంలో చాలాకాలం ఆస్టిన్ మాటే చెల్లింది.

నేను బెంథామ్‌నే ఒప్పుకుంటాను. కారణం పుస్తకాల్లోది కాదు, మా ఇంట్లో ట్రంకుపెట్టెలో ఉన్న ఒక కాగితం. నేను ఇంటర్మీడియట్ మొదటి సంవత్సరంలో ఉండగా నాన్న పంటరుణానికి దరఖాస్తు పెట్టాడు. ఆ బ్యాంకు పేరు ఇక్కడ అనవసరం. జూన్‌లో ఒకరోజు "మీ లోను శాంక్షనయింది" అని కబురొచ్చింది. నాన్న అది డబ్బు వచ్చిన కబురే అనుకుని, షాపులో విత్తనాలూ ఎరువులూ అప్పు పెట్టి తెచ్చాడు. డబ్బు ఖాతాలో పడింది మాత్రం ఆగస్టు నడిమికి. ఈ నడుమ షాపువాడు వేసిన వడ్డీ నూటికి రెండు రూపాయల లెక్కన, నెలకు. శాంక్షన్ వేరు, డిస్‌బర్స్‌మెంట్ వేరు అని ఆ కౌంటర్ దగ్గర ఆయనకు ఎవరూ చెప్పలేదు. చెప్పాలని కూడా ఎవరికీ తోచలేదు. శాంక్షన్ అంటే 'ఇవ్వవచ్చు' అని పెద్దాయన చేసిన సంతకం. 'ఇచ్చాం' అని కాదు. ఇంగ్లీషు తెలిసినవాళ్ళకు ఇది చిన్న తేడా. మాకు ఆ ఏడాది అది రెండు బస్తాల మిరపకాయల తేడా.

తర్వాత ఆ శాంక్షన్ లెటరు నేను కూర్చుని పూర్తిగా చదివాను. మొదటి పేజీలో ఇంత మొత్తం మంజూరు చేయటమైనది అని ఉంది. రెండో పేజీ చివర, చిన్న అక్షరాల్లో, గడువు తప్పితే అదనంగా పడే అపరాధపు వడ్డీ, తాకట్టు విషయం, ఏం చేస్తే రుణం రద్దవుతుందో ఆ వివరం ఉన్నాయి. రోమను చట్టంలో సాంక్టియో చివరి భాగమని పైన చెప్పాను కదా. ఆ బ్యాంకు గుమాస్తా లాటిన్ చదివి ఉంటాడని నేననుకోను. కానీ వరస మాత్రం తప్పలేదు. పైగా సకాలంలో తీర్చిన పంటరుణాల మీద కేంద్రప్రభుత్వ పథకం కింద 3 శాతం వడ్డీ తగ్గింపు ఉంది. అప్పుడు 7 శాతం వడ్డీ 4 శాతానికి వస్తుంది. తీర్చితే తగ్గింపు, తీర్చకపోతే అపరాధం. బెంథామ్ చెప్పిన రెండు రకాల శాంక్షన్లూ ఒకే రైతు మీద ఒకే లోనులో పనిచేస్తున్నాయి. ఆస్టిన్ మా ఊరు వచ్చి ఉంటే మాట మార్చుకునేవాడేమో!

ఇక దేశాల మధ్య శాంక్షన్లు. శిక్ష అనే కొమ్మ ఇరవయ్యో శతాబ్దంలో బాగా విస్తరించింది. 1935 అక్టోబరులో ఇటలీ ఇథియోపియా మీద దండెత్తితే, నానాజాతి సమితి నవంబరు 18 నుంచి ఇటలీ మీద ఆర్థిక శాంక్షన్లు అమలు చేసింది. చాలా వస్తువులు ఆపారు గానీ యుద్ధానికి ప్రాణమైన చమురును ఆపలేదు. 1936 మేలో ఇథియోపియా రాజధాని పడిపోయింది, జులైలో శాంక్షన్లు ఎత్తేశారు. తర్వాత వచ్చిన ఐక్యరాజ్యసమితి ఛార్టరులో 41వ అధికరణం ఈ అధికారాన్ని ఇస్తుంది. విచిత్రమేమంటే ఆ అధికరణంలో శాంక్షన్ అనే మాటే లేదు. సాయుధబలం వాడని చర్యలు అని మాత్రమే ఉంది. 1966 డిసెంబరులో రొడీషియా మీద భద్రతామండలి మొదటిసారిగా అందరూ పాటించి తీరవలసిన ఆర్థిక ఆంక్షలు పెట్టింది. అంతకు ఇరవై ఏళ్ళ ముందే, 1946లో, దక్షిణాఫ్రికాలోని భారతీయుల పట్ల అక్కడి ప్రభుత్వం చూపే వివక్షకు నిరసనగా మన దేశం ఆ దేశంతో వ్యాపారం ఆపేసింది. ఆ భారతీయుల్లో తెలుగువాళ్ళూ ఉన్నారు. చెరకుతోటల కూలీలుగా మద్రాసు నుంచి మొదటి ఓడ నేటాల్ చేరింది 1860లో.

మన సైన్సు విద్యార్థులకు ఇంతకంటే దగ్గరి కథ ఒకటుంది. ఉపగ్రహాలను చాలా ఎత్తుకు పంపాలంటే క్రయోజనిక్ ఇంజను కావాలి. అందులో ద్రవ ఉదజని, ద్రవ ప్రాణవాయువు ఇంధన జోడీ. మొదటిది సున్నాకు కింద 253 డిగ్రీల సెల్సియస్ దగ్గర, రెండోది 183 డిగ్రీల దగ్గర మరుగుతుంది. ఇంత చల్లని ద్రవాలను నిల్వ చేసి, పంపు చేసి, మండించటం ఎంత కష్టమో మన ల్యాబులో ఒక థర్మాస్ ఫ్లాస్కుతో కుస్తీపడ్డవాళ్ళు ఊహించవచ్చు. 1991లో ఇస్రో ఈ ఇంజన్లనూ, పరిజ్ఞానాన్నీ ఇవ్వటానికి సోవియట్ సంస్థ గ్లావ్‌కాస్మోస్‌తో ఒప్పందం చేసుకుంది. 1992 మేలో అమెరికా ఇటు ఇస్రో మీద, అటు గ్లావ్‌కాస్మోస్ మీద రెండేళ్ళపాటు శాంక్షన్లు పెట్టింది. 1993లో రష్యా వెనక్కి తగ్గి, తయారైన ఇంజన్లు ఇస్తాం గానీ పరిజ్ఞానం ఇవ్వం అంది. అప్పుడు 1994లో మన సొంత క్రయోజనిక్ ప్రాజెక్టు మొదలైంది. ఆ ప్రాజెక్టుకు డబ్బు కావాలి కదా. దాన్ని మంజూరు చేసింది మన ప్రభుత్వం. ఇంగ్లీషులో చెబితే అదీ శాంక్షనే. వాషింగ్టన్ శాంక్షన్ తలుపు మూసింది, ఢిల్లీ శాంక్షన్ ఇంకో తలుపు తీసింది. పని తేలిగ్గా కాలేదు. 2010 ఏప్రిల్‌లో మొదటి ప్రయోగం విఫలమై సముద్రంలో పడింది. 2014 జనవరి 5న శ్రీహరికోట నుంచి జి.ఎస్.ఎల్.వి.-డి5 మన సొంత క్రయోజనిక్ దశతో విజయవంతంగా లేచింది. ఈ నడుమ 1998 మేలో పోఖ్రాన్ పరీక్షల తర్వాత మరో విడత శాంక్షన్లు వచ్చాయి, వాటిలో చాలావరకు 2001లో ఎత్తేశారు.

ఇప్పుడు ఎవరైనా ఇంగ్లీషులో 'గవర్నమెంట్ శాంక్షన్డ్ ది కంపెనీ' అని రాస్తే ఏమర్థం చేసుకోవాలి? కంపెనీకి అనుమతి ఇచ్చిందనా, కంపెనీని శిక్షించిందనా? క్రియగా శాంక్షన్ అంటే చాలాకాలం అనుమతించటమే. శిక్షించటం అనే అర్థం క్రియకు అంటుకున్నది ఇరవయ్యో శతాబ్దంలోనే. నామవాచకంగా వాడితే మాత్రం పక్కనున్న మాటలు కాపాడతాయి. శాంక్షన్ 'ఆఫ్' అంటే సాధారణంగా అనుమతి. శాంక్షన్స్ 'ఆన్', శాంక్షన్స్ 'అగెనెస్ట్' అంటే శిక్ష. బహువచనం వచ్చిందంటే చాలావరకు శిక్షే. పింఛను ఒకటే శాంక్షనవుతుంది, దెబ్బలు మాత్రం గుత్తులుగా వస్తాయి.

మన కచేరీ భాషలో రెండర్థాలూ ముడిపడిపోయిన చోట్లు కూడా ఉన్నాయి. ప్రభుత్వోద్యోగి తన విధి నిర్వహణలో చేశాడన్న నేరం మీద కోర్టు విచారణ చేపట్టాలంటే ముందు ప్రభుత్వం శాంక్షన్ ఇవ్వాలి. 1973 క్రిమినల్ ప్రొసీజర్ కోడులో ఇది 197వ సెక్షన్. 2024 జులై 1 నుంచి దాని స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 218వ సెక్షన్. అంటే శిక్షకు దారి తీయటానికి అనుమతి, శాంక్షన్‌కు శాంక్షన్! కొత్త చట్టంలో 120 రోజుల్లో తేల్చకపోతే శాంక్షన్ ఇచ్చినట్టే లెక్క. ఇటువంటి నిబంధన రైతుల లోన్లకు కూడా పెడితే బాగుండునని నా మనవి.

బావి మోటారుకు శాంక్షన్డ్ లోడ్ అని ఉంటుంది. 5 హార్స్‌పవరంటే 3,730 వాట్లు. అంతవరకు అనుమతి, అది దాటి పెద్ద మోటారు పెడితే అదనపు ఛార్జీ. ఏలూరు దగ్గరి కొల్లేరును చూడండి. 1999లో ఐదో కాంటూరు వరకు 308 చదరపు కిలోమీటర్లను అభయారణ్యంగా, అంటే శాంక్చువరీగా ప్రకటించారు. 2006లో ఆ హద్దులోపలి చేపల చెరువుల గట్లు పగలగొట్టారు. గూడకొంగలకు అది అభయం. చెరువు మీద బతికినవాళ్ళకు అదే శిక్ష. ఎవరిది న్యాయమో ఇక్కడ తేల్చబోను, రెండువైపులా మాట్లాడవలసింది చాలా ఉంది. గోడకు రెండు ముఖాలుంటాయని మాత్రం మళ్ళీ కనబడుతోంది.

ఇదంతా చదివి, ఇంగ్లీషు భాషే అంత, మన భాషలో ఇలాంటి గందరగోళం లేదు అనుకుంటే పొరపాటు. 'దండం' అంటే కర్ర. ఆ కర్రతో కొడితే దండన. ఆ కర్రలాగా నేలమీద సాగిలపడితే దండప్రణామం, అందులోంచే మనం చేతులు జోడించి పెట్టే దండం వచ్చింది. 'రిష్టం' అంటే హాని, కాబట్టి 'అరిష్టం' అంటే హాని లేనిది కావాలి. కానీ తెలుగులో అరిష్టమంటే కీడు. మందులషాపులో ద్రాక్షారిష్టం మాత్రం ఒంటికి మంచిదని కొంటాం. 'ఆరాత్' అనే సంస్కృత అవ్యయానికి దూరం, దగ్గర అని రెండర్థాలూ ఉన్నాయని అమరకోశమే చెబుతుంది.

శాంక్షన్ అనే మాటకు మాత్రం మన పత్రికలవాళ్ళు మంచి ఉపాయం కనిపెట్టారు. అనుమతి అయితే 'మంజూరు', శిక్ష అయితే 'ఆంక్షలు' అని రెండుగా విడగొట్టారు. ఈ 'మంజూరు' ఉర్దూ ద్వారా వచ్చిన అరబ్బీ మాట. 'నజర్' అంటే చూపు, మంజూర్ అంటే చూడబడినది. పైఅధికారి కాగితం మీద కన్నేశాడు, అంతే మంజూరయింది. చూడకపోతే ఫైలు అక్కడే ఉంటుంది. ఈ వ్యుత్పత్తి ఏ ఆఫీసు మెట్లు ఎక్కినవాడికైనా వెంటనే అర్థమవుతుంది.

అన్నిటికంటే తమాషా 'శిక్ష'. సంస్కృతంలో శిక్ష అంటే చదువు, నేర్పటం. వేదాంగాల్లో మొదటిదాని పేరే శిక్ష. తెలుగులో 'శిక్షణ' అంటే ఇప్పటికీ నేర్పటమే, కానీ 'శిక్ష' అంటే జైలు. ఎక్కడో మన అయ్యవార్ల బెత్తం ఈ రెండు అర్థాలనూ కలిపి ఉంటుంది. 'శాస్తి' కూడా అంతే, శాస్త్రానికి అది సొంత తోబుట్టువు. ఢిల్లీలో మానవ వనరుల అభివృద్ధి మంత్రిత్వశాఖ పేరును 2020లో విద్యామంత్రిత్వశాఖగా మార్చినప్పుడు హిందీలో 'శిక్షా మంత్రాలయ్' అని బోర్డు పెట్టారు. తెలుగువాడు ఆ బోర్డును కూడబలుక్కుని చదివితే ఏమనుకోవాలి? మా హాస్టలు రూమ్‌మేటును అడిగాను. మార్చి, ఏప్రిల్ నెలల్లో చదివితే అనువాదం అక్కర్లేదన్నాడు.